తలకిందులుగా ఎగిరితే కుడి రెక్క వాలుతోంది, నిలువులో ఎడమకి పోతోంది: ట్రిమ్మింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

సన్నగాలి

అందరికీ నమస్కారం. నా దగ్గర 1.7 మీటర్ల రెక్కలున్న, రేడియోతో నడిపే ఎలక్ట్రిక్ ఏరోబాటిక్ మోడల్ విమానం ఉంది. 6 సెల్ బ్యాటరీతో కలిపి బరువు 2.9 కిలోలు, అందులో బ్యాటరీ ఒక్కటే 700 గ్రాములు. మామూలుగా ఎగిరేటప్పుడు చేతులు వదిలినా తిన్నగా పోయేలా ట్రిమ్ చేశాను, అంటే కంట్రోళ్ల మధ్యస్థానాన్ని కొంచెం జరిపాను. ఏలెరాన్ (మోడల్‌ని పక్కకి దొర్లించే రెక్క పలక) ట్రిమ్ కొంచెం ఎడమకి, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) ట్రిమ్ కొంచెం పైకి ఉన్నాయి.

ఇబ్బంది ఏమిటంటే, ఆ ఒక్క స్థితిలో తప్ప ఇంకెక్కడా అది తిన్నగా లేదు. తలకిందులు చేస్తే కుడి రెక్క వాలిపోతుంది. నిలువుగా పైకి పంపితే ముక్కు మెల్లగా ఎడమకి పోతుంది, దాంతోపాటు ఎడమకి రోల్ కూడా అవుతుంది. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి నిలువుగా కిందికి దించితే కనోపీ (కాక్‌పిట్ మూత) వైపు లాగేస్తుంది. నైఫ్ ఎడ్జ్ (ఒక రెక్క నేల వైపు పెట్టి పక్కవాటుగా ఎగరడం) సంగతి తర్వాత అడుగుతాను. వీటన్నిటికీ రేడియోలో మిక్స్‌లు (ఒక కంట్రోల్ కదిపితే ఇంకోటి కూడా కొంచెం కదిలే సెట్టింగులు) పెట్టేస్తే సరిపోతుందా? లేక మోడల్‌నే ముట్టుకోవాలా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మిక్స్‌మిత్ర

ఇప్పటి ట్రాన్స్‌మిటర్లలో ఇవన్నీ తేలిక. థ్రాటిల్ నుంచి రడ్డర్‌కి (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు తోక పలక) ఒక మిక్స్, థ్రాటిల్ నుంచి ఎలివేటర్‌కి ఇంకోటి. తలకిందుల సమస్యకి వేరే ఫ్లైట్ మోడ్ పెట్టి అందులో ఏలెరాన్ ట్రిమ్ మార్చుకోండి. ఒక సాయంత్రం పని.

రెక్కలమావయ్య

తమ్ముడూ, మిక్స్‌ల జోలికి ఇప్పుడే వెళ్లకు. నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. ఏలెరాన్ ట్రిమ్ ఎడమకి ఉంది, తలకిందులైతే కుడి రెక్క వాలుతోంది. ఈ రెండూ కలిసి వచ్చాయంటే నేను మొదట అనుమానించేది కుడి రెక్క బరువుని.

ఎందుకో చెబుతాను. కుడి రెక్క బరువుగా ఉంటే మామూలుగా ఎగిరేటప్పుడు అది కిందికి వాలాలి. నువ్వు ఎడమ ట్రిమ్ ఇచ్చి దాన్ని నిలబెట్టావు. ఇప్పుడు మోడల్‌ని తిరగెయ్యి. బరువు కుడి రెక్కని నేల వైపుకే లాగుతుంది, అది మారదు. కానీ నువ్వు ఇచ్చిన ఎడమ ట్రిమ్ కుడి రెక్కని కనోపీ వైపు నెట్టేది. తలకిందులుగా ఉన్నప్పుడు కనోపీ ఉన్నది నేల వైపే. అంటే ఇందాక బరువుని ఆపిన ట్రిమ్మే ఇప్పుడు దానికి తోడు అవుతుంది. అందుకే మామూలు స్థితిలో ఏమీ కనబడదు, తిరగేస్తే గట్టిగా వాలుతుంది.

ముందు బెంచ్ మీద చూడు. ప్రొపెల్లర్ తీసెయ్యి. స్పిన్నర్ వైపు మోటార్ షాఫ్ట్ దగ్గర ఒక దారం, తోక చివర రడ్డర్ కిందుగా మరో దారం కట్టి ఇద్దరు కలిసి ఎత్తండి. ఏ రెక్క కిందికి దిగుతుందో చూడండి. ఒక్కసారి చూసి ఒప్పుకోవద్దు. రెక్కని చేత్తో కదిలించి వదలండి, మళ్లీ అదే వైపుకి వస్తేనే నమ్మండి. గదిలో ఫ్యాన్ ఆపెయ్యండి.

నీలిమేఘం

మావయ్య గారూ, ఒక సందేహం. రెక్క కొంచెం మెలితిరిగినా, రెండు రెక్కల ఇన్సిడెన్స్‌లో (మోడల్ ఒంటికి రెక్క ఉన్న కోణం) తేడా ఉన్నా కూడా ఏలెరాన్ ట్రిమ్ కావాల్సి వస్తుంది కదా? ఎగురుతున్నప్పుడు ఈ రెండింటినీ ఎలా విడదీస్తారు?

రెక్కలమావయ్య

మంచి ప్రశ్న. వేగం పట్టుకుని విడదీయాలి.

ఏలెరాన్ చేసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. రెక్క మెలిక వల్ల పుట్టే బలం కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి మెలికని ట్రిమ్‌తో సరిచేస్తే ఆ సరిపాటు దాదాపు అన్ని వేగాల్లోనూ నిలుస్తుంది, తలకిందులుగా కూడా చాలావరకు నిలుస్తుంది.

బరువు అలా కాదు. రెక్క చివర ఎక్కువగా ఉన్న బరువు మెల్లగా పోయినా అంతే, వేగంగా పోయినా అంతే. ఒక వేగం దగ్గర ట్రిమ్ చేశామంటే, అంతకంటే వేగంగా పోతే ట్రిమ్ గెలుస్తుంది, నెమ్మదిగా పోతే బరువు గెలుస్తుంది. సన్నగాలి మోడల్ వేగంలో ఎడమకి దొర్లి, ల్యాండింగ్ వేగంలో కుడికి వాలితే అది బరువే.

ఒక జాగ్రత్త. వేగం కోసం ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చూడొద్దు. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడికి తిరుగుతుంది కాబట్టి మోటార్ టార్క్ మోడల్‌ని ఎడమకే తిప్పుతుంది. అప్పుడు ఏది ట్రిమ్ పనో, ఏది టార్క్ పనో తెలియదు. పైనుంచి కొంచెం డైవ్ చేసి వేగం తెచ్చుకుని, థ్రాటిల్ తగ్గించాక చూడాలి.

పాతకాపు

మావయ్య చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. దారాలు కట్టే ముందు మోడల్ సూటిగా ఉందో లేదో కొలవండి. తోక మధ్యనుంచి రెండు రెక్కల చివర్లకి దారం పట్టి దూరం సమానమా చూడాలి. వెనక నుంచి చూస్తే తోక రెక్క, ప్రధాన రెక్క సమాంతరంగా ఉండాలి. ఇన్సిడెన్స్ మీటర్‌తో రెండు రెక్కలూ కొలిస్తే తేడా పావు డిగ్రీ లోపే ఉండాలని నేను పట్టుబడతాను. అర డిగ్రీ తేడా ఉంటే లూప్‌లో ఖచ్చితంగా తెలుస్తుంది.

సర్వోలు (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) కూడా. న్యూట్రల్‌లో సర్వో ఆర్మ్ పుష్‌రాడ్‌కి 90 డిగ్రీల్లో ఉండాలి. సర్వో షాఫ్ట్ పళ్ల (స్ప్లైన్) మీద ఆర్మ్‌ని ఒక పన్ను జరిపి, పుష్‌రాడ్ చివరి క్లెవిస్ తిప్పి దగ్గరకి తెచ్చాక మిగిలిన చిన్న తేడాకే రేడియోలోని సబ్‌ట్రిమ్ వాడాలి. సబ్‌ట్రిమ్ ఎక్కువగా వాడితే ఒక వైపు ప్రయాణం తగ్గి, పైకీ కిందికీ కదలిక సమానంగా రాదు. ఏలెరాన్ కీళ్ల సందుని సన్నని టేపుతో మూసెయ్యండి. సందులోంచి గాలి పోతుంటే రెండు ఏలెరాన్లూ ఒకేలా పనిచేయవు, పైగా ఫ్లట్టర్‌కి (పలక గాలికి అదిరిపోవడం) అవకాశం ఇస్తుంది.

సన్నగాలి

అందరికీ ధన్యవాదాలు. కొలతలు తీశాను. రెక్క చివర్ల దూరాలు సమానంగానే ఉన్నాయి. ఇన్సిడెన్స్ మీటర్‌లో తేడా కనబడలేదు. దారాలతో ఎత్తితే మాత్రం కుడి రెక్క ప్రతిసారీ దిగింది. విడిగా తూస్తే కుడి రెక్క 15 గ్రాములు ఎక్కువ ఉంది.

ఎడమ రెక్క చివర 15 గ్రాములు పెట్టాలా?

నీలిమేఘం

వద్దు, అంత అక్కర్లేదు. ఆ 15 గ్రాములు రెక్క చివర లేవు కదా, రెక్కంతా పరుచుకుని ఉన్నాయి. రెక్క గరిమనాభి ఫ్యూజలేజ్ (మోడల్ ఒళ్లు) మధ్యనుంచి సుమారు 350 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 15 × 350 = 5250. నువ్వు బరువు పెట్టేది 800 మిల్లీమీటర్ల దగ్గర అయితే 5250 ÷ 800, అంటే ఆరున్నర గ్రాములు. ముందు టేపుతో పైన అంటించి ఎగరెయ్యి, సరిపోయిందని తేలాకే లోపల అతికించు.

మిక్స్‌మిత్ర

ఆరు గ్రాముల కోసం ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. 2.9 కిలోల మోడల్ ఇది.

రెక్కలమావయ్య

అవసరమే. గట్టిగా ఎలివేటర్ లాగినప్పుడు మోడల్ మీద 8 జీ పడితే ఆ ఆరు గ్రాములు 50 గ్రాముల్లా లాగుతాయి, అదీ రెక్క చివర. లూప్ పైకి వెళ్లేసరికి మోడల్ పోయే దిశ మారిపోతుంది. పైలట్ తెలియకుండానే ఏలెరాన్‌తో సర్దుతూ ఉంటాడు, లూప్ మెలికపడుతుంది.

ఇంకా పెద్ద కారణం ఉంది. సన్నగాలి మొదట చెప్పిన నిలువు సమస్యతో ఇది ముడిపడి ఉంది. నిలువుగా పైకి పోతున్నప్పుడు ప్రొపెల్లర్ లాగేది ఫ్యూజలేజ్ మధ్య గీత మీద. కుడి రెక్క బరువైతే గరిమనాభి ఆ గీతకి కొంచెం కుడిపక్కన ఉంటుంది. అప్పుడు ముక్కు కుడికి తిరగాలని చూస్తుంది. నీ మోడల్ ఇప్పటికే ఎడమకి పోతోంది, అంటే రైట్ థ్రస్ట్ (మోటార్‌ని కొంచెం కుడికి తిప్పి బిగించిన కోణం) తక్కువ. ఆ లోపాన్ని కుడి రెక్క బరువు కొంత కప్పిపెడుతోంది. బరువు సరిచేశాక ఎడమకి పోవడం కాస్త ఎక్కువవుతుంది, కంగారుపడకు. రోల్ మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే ఎడమ ఏలెరాన్ ట్రిమ్ తీసేస్తావు కాబట్టి.

రెక్క బరువు సరిచేయకుండా రైట్ థ్రస్ట్ పెట్టి ఉంటే కొలత తప్పేది. రడ్డర్ మిక్స్ పెట్టి ఉన్నా అంతే. అందుకే మిక్స్ చివర్లో అన్నాను.

సన్నగాలి

ఏడు గ్రాములు టేపుతో అంటించి ఎగరేశాను. ఏలెరాన్ ట్రిమ్ దాదాపు మధ్యకి వచ్చేసింది. తలకిందులుగా చేతులు వదిలితే రెక్కలు సమంగా నిలుస్తున్నాయి! మీరు చెప్పినట్టే నిలువులో రోల్ పోయింది, ఎడమకి పోవడం ముందుకంటే స్పష్టంగా కనబడుతోంది. ఇక రైట్ థ్రస్ట్ మారుస్తాను.

పాతకాపు

ఆగు, ముందు సీజీ, అంటే గరిమనాభి ముందు వెనకల్లో ఎక్కడుందో చూడాలి. ముక్కు బరువు, ఎలివేటర్ ట్రిమ్, డౌన్ థ్రస్ట్ (మోటార్ కిందికి వంగిన కోణం) మూడూ ఒకదాన్ని ఒకటి కప్పుకుంటాయి. మోటార్ బోల్టులు ఒకసారి విప్పి రెండు కోణాలూ కలిపి సరిచేయొచ్చు, కానీ సీజీ తేలకుండా డౌన్ థ్రస్ట్ గురించి ఏమీ చెప్పలేం.

మొదట కాగితం మీద లెక్క. రూట్ కార్డ్, టిప్ కార్డ్ (ఒంటి దగ్గరా, చివరా రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా వెడల్పు) ఎంత?

సన్నగాలి

రూట్ 400, టిప్ 200 మిల్లీమీటర్లు. టిప్ ముందంచు రూట్ ముందంచు కంటే 120 వెనక ఉంది.

పాతకాపు

అయితే సగటు ఏరోడైనమిక్ కార్డ్ 311 మిల్లీమీటర్లు వస్తుంది. లెక్క ఇది: రెండు కార్డుల మొత్తం 600, వాటి లబ్ధాన్ని మొత్తంతో భాగిస్తే 133, తేడా 467, అందులో మూడింట రెండు వంతులు 311. ఈ కార్డ్ రూట్ నుంచి సగం రెక్క పొడవులో 44 శాతం దూరంలో ఉంటుంది. అక్కడ ముందంచు 120లో 44 శాతం, అంటే 53 మిల్లీమీటర్లు వెనక. ఇలాంటి మోడల్‌కి సీజీ ఈ కార్డ్‌లో 25 నుంచి 30 శాతం మధ్య మొదలుపెడతాం. 28 శాతం అనుకుంటే 87. రెండూ కలిపితే రూట్ ముందంచు నుంచి 140 మిల్లీమీటర్లు. నీ మోడల్ ఇప్పుడు ఎక్కడ బ్యాలెన్స్ అవుతోంది?

సన్నగాలి

128 దగ్గర. మాన్యువల్‌లో ఇచ్చిన పరిధిలో అది ముందు అంచు.

పాతకాపు

అందుకే ఎలివేటర్ ట్రిమ్ పైకి ఉంది. ముక్కు బరువుగా ఉంటే ఒక వేగం దగ్గర పై ట్రిమ్ దాన్ని నిలబెడుతుంది. నిలువుగా దిగేటప్పుడు వేగం పెరిగి ఆ ట్రిమ్ బలం పెరుగుతుంది, పైగా అప్పుడు రెక్క లిఫ్ట్ అక్కర్లేదు. మోడల్ కనోపీ వైపు తిరుగుతుంది. నువ్వు చెప్పిన డౌన్‌లైన్ సమస్య చాలావరకు ఇదే.

ఎంత మార్చాలో 45 డిగ్రీల పరీక్ష చెబుతుంది. 45 డిగ్రీల కోణంలో పైకి వెళుతూ సగం రోల్ చేసి తలకిందులవ్వు, గీత నిలబడ్డాక ఎలివేటర్ వదిలెయ్యి. ముక్కు వెంటనే నేల వైపు వంగితే ముక్కు బరువు. గీత అలాగే సాగి చాలాసేపటికి మెల్లగా వంగితే నాకు ఇష్టమైన చోటు అది. పైకి, అంటే చక్రాల వైపు ఎక్కితే తోక బరువు, వెంటనే దింపి సీజీ ముందుకి తేవాలి.

బ్యాటరీని 20 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే 700 × 20 ÷ 2900, దాదాపు 5 మిల్లీమీటర్లు సీజీ వెనక్కి వెళుతుంది. ఒక్కసారిగా 140కి పోవద్దు, 5 చొప్పున జరుపు. సీజీ వెనక్కి వెళ్లేకొద్దీ ఎలివేటర్ చురుకు పెరుగుతుంది, త్రోలు (పలకలు కదిలే దూరాలు) కొంచెం తగ్గించుకో. జరిపిన ప్రతిసారీ సమంగా ఎగిరే ట్రిమ్ మళ్లీ పెట్టి, ఆ తర్వాతే 45 డిగ్రీల పరీక్ష చెయ్యి. బ్యాటరీ స్ట్రాప్ దగ్గర గీత గీసుకో, లేకపోతే రేపు బ్యాటరీ వేరే చోట పెట్టి ఇదంతా మళ్లీ చేస్తావు.

చుక్కానిరాణి

నా మోడల్ గ్లో ఇంజన్‌ది. మాకు ఇంధన ట్యాంక్ సీజీకి ముందు ఉంటుంది కాబట్టి ఖాళీ అయ్యేకొద్దీ సీజీ వెనక్కి వెళుతుంది. నేను ఖాళీ ట్యాంక్‌తోనే బ్యాలెన్స్ చూస్తాను, ట్రిమ్ పరీక్షలు సగం ట్యాంక్ దగ్గర చేస్తాను. ఎలక్ట్రిక్ వాళ్లకి ఈ బాధ లేదు.

నిలువు లైన్ల గురించి ఒక మాట. పక్కగాలి ఉన్న రోజు చూసి రైట్ థ్రస్ట్ తేల్చొద్దు. గాలి తోస్తోందో, మోడల్ ముక్కు తిరుగుతోందో కింద నిలబడినవాళ్లకి తెలియదు. నేను గాలి నెమ్మదించిన పూట గాలికి ఎదురుగా తీసుకెళ్లి నిలువుకి లాగుతాను. రెక్కలు సమంగా ఉండి నిలువుకి వెళ్లడం ముఖ్యం. ఒక రెక్క కొంచెం వాలి ఉన్నప్పుడు లాగితే అది మొదటినుంచే పక్కకి పోతుంది, పాపం మోటార్ మీద నింద పడుతుంది. మోడల్ వెనక వరుసలో ఒకరు నిలబడి చెబితే ఇంకా మంచిది.

సన్నగాలి

సీజీ 137 దగ్గర స్థిరపడింది. 45 డిగ్రీల తలకిందుల గీత మెల్లగా వంగుతోంది. ఎలివేటర్ ట్రిమ్ మధ్యకి వచ్చేసింది. డౌన్‌లైన్‌లో కనోపీ వైపు లాగడం చాలా తగ్గింది, కొంచెం మిగిలింది. నిలువు పైకి లైన్‌లో కనోపీ వైపు గానీ పొట్ట వైపు గానీ పోవడం లేదు కాబట్టి డౌన్ థ్రస్ట్ ముట్టుకోను. రైట్ థ్రస్ట్ ప్రస్తుతం 1 డిగ్రీ. ఎంత పెంచను?

రెక్కలమావయ్య

1 డిగ్రీ పెంచి చూడు. బోల్టుల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు అయితే 1 డిగ్రీకి ఒక మిల్లీమీటరు వాషర్ సరిపోతుంది. కాక్‌పిట్‌లో కూర్చున్నట్టు ఊహించుకుని ఎడమవైపు బోల్టుల కింద పెట్టు, షాఫ్ట్ కుడికి తిరుగుతుంది. స్పిన్నర్ కూడా కుడికి జరిగి కౌలింగ్‌కి (మోటార్ చుట్టూ ఉండే మూత) తగలొచ్చు. ఫైర్‌వాల్ (మోటార్ బిగించే గోడ) నుంచి స్పిన్నర్ 110 మిల్లీమీటర్లు ముందుంటే 1 డిగ్రీకి సుమారు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. సందు చూసుకో. బోల్టులకి థ్రెడ్ లాక్ మర్చిపోకు.

రైట్ థ్రస్ట్ ఎందుకు కావాలంటే, ప్రొపెల్లర్ గాలి సుడిలా తిరుగుతూ వెళ్లి నిలువు తోకని ఒక పక్కనుంచి కొడుతుంది. వేగం తక్కువగా, థ్రాటిల్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ ప్రభావం ఎక్కువ. అందుకే లైన్ మొదట్లో కాకుండా పైకి వెళ్లి నెమ్మదించేకొద్దీ ఎడమకి వంగడం కనబడుతుంది. లైన్ మధ్యభాగం చూసి తేల్చు. చిట్టచివర, వేగం దాదాపు అయిపోయే చోట చూసి తేలిస్తే మధ్యలో కుడికి పోతుంది.

మిక్స్‌మిత్ర

సరే, వరుస ఎందుకు ముఖ్యమో ఈ థ్రెడ్‌లో అర్థమైంది. కానీ మిక్స్‌లని పూర్తిగా పక్కన పెట్టాలనే వాదన ఒప్పుకోను. సన్నగాలికి డౌన్‌లైన్‌లో ఇంకా కొంచెం లాగుతోంది. దానికోసం రెక్క ఇన్సిడెన్స్ మారుస్తారా? మార్చితే పైకి లైన్, నైఫ్ ఎడ్జ్ మళ్లీ మొదటికి వస్తాయి. థ్రాటిల్ అట్టడుగు పది శాతంలో మాత్రమే పనిచేసేలా ఎలివేటర్‌కి 1 లేదా 2 శాతం కిందికి మిక్స్ పెడితే అయిపోతుంది. పోటీల్లో ఎగరేసే 2 మీటర్ల ఎఫ్3ఎ మోడళ్లలో కూడా ఇలాంటి మిక్స్‌లు ఉంటాయి.

పాతకాపు

ఇక్కడ నీతో ఏకీభవిస్తాను. మిగిలింది కొంచెమే అయినప్పుడు మిక్స్ సరైన మందు. ఒకటే షరతు: ల్యాండింగ్‌లో కూడా థ్రాటిల్ కిందే ఉంటుంది, అప్పుడూ ఆ మిక్స్ పనిచేస్తుంది. 2 శాతం దాటితే అప్రోచ్‌లో ముక్కు దిగుతుంది. కాబట్టి దాన్ని ఒక స్విచ్ మీద పెట్టుకుని ల్యాండింగ్‌కి తీసెయ్యాలి.

చుక్కానిరాణి

స్పీడ్ కంట్రోలర్‌లో బ్రేక్ సెట్టింగ్ మారిస్తే ఆ మిక్స్ మళ్లీ చూసుకోవాలి. ప్రొపెల్లర్ గాలికి తిరుగుతుంటే డౌన్‌లైన్ వేగం ఒకలా, ఆగిపోతే ఇంకోలా ఉంటుంది.

సన్నగాలి

నిలువు ఇప్పుడు నిలబడుతోంది. కింది లైన్‌కి ఒకటిన్నర శాతం మిక్స్ పెట్టాను, స్విచ్ మీద. ఇంత బాగా ఎగురుతుందని నేను అనుకోలేదు, సంతోషంగా ఉంది.

ఇక నైఫ్ ఎడ్జ్. రెండు వైపులా పొట్ట వైపు లాగుతుంది. దాంతోపాటు ఎడమ రడ్డర్ ఇస్తే కొంచెం ఎడమకి, కుడి రడ్డర్ ఇస్తే కుడికి రోల్ అవుతోంది. లూప్‌లలో మాత్రం ఇంకో సంగతి. గట్టిగా లాగితే కొంచెం కుడికి, తలకిందులుగా ఉండి గట్టిగా తోస్తే కొంచెం ఎడమకి దొర్లుతోంది.

నీలిమేఘం

ముందు లూప్ సంగతి. ఎలివేటర్‌కి రెండు సర్వోలున్నాయా? లాగినా తోసినా ఒకే వైపు దొర్లితే న్యూట్రల్‌లో ఒక సగం ఎత్తులో ఉన్నట్టు. లాగితే ఒక వైపు, తోస్తే రెండో వైపు దొర్లితే ఒక సగం రెండోదానికంటే ఎక్కువ కదులుతున్నట్టు. నీది రెండో రకం. లాగితే కుడికి అంటే కుడి సగం ఎక్కువ ఎత్తుతోంది.

బరువైన రెక్క కూడా ఇదే లక్షణం చూపిస్తుంది కాబట్టే రెక్క బరువు ముందు తేల్చాలన్నారు మావయ్య గారు. నువ్వు తేల్చేశావు, ఇక మిగిలింది ఎలివేటరే. రెండు సగాల వెనకంచుల దగ్గర స్కేలు పెట్టి పూర్తి త్రో, సగం త్రో, పావు త్రో మూడుచోట్లా కొలిచి సమానం చెయ్యి. చివర్లో మాత్రమే సమానం చేస్తే సరిపోదు.

రెక్కలమావయ్య

నైఫ్ ఎడ్జ్‌లో రడ్డర్ వైపుకే రోల్ అయితే డైహెడ్రల్ (రెక్కలు చివరల వైపు పైకి లేచిన కోణం) ప్రభావం ఎక్కువున్నట్టు. ఎదురు వైపు రోల్ అయితే తక్కువున్నట్టు. రెక్క ట్యూబు మీద నిలబడ్డ మోడల్‌లో డైహెడ్రల్ మార్చలేం, కాబట్టి ఇక్కడ మిక్స్ తప్పదు. రడ్డర్ నుంచి ఏలెరాన్‌కి, రడ్డర్‌కి ఎదురు దిశలో. పొట్ట వైపు లాగడానికి రడ్డర్ నుంచి ఎలివేటర్‌కి, రెండు వైపులా పైకి. ఏలెరాన్ మిక్స్ ముందు పెట్టు. రోల్ అవుతూ ఉంటే పొట్ట వైపు ఎంత లాగుతోందో కంటికి సరిగా ఆనదు.

ఎడమకీ కుడికీ విలువలు వేరుగా వస్తే వేరుగానే ఉంచు. రెండూ ఒకటి కావాలని ఎక్కడా లేదు. కర్వ్ మిక్స్ ఉంటే ఇంకా మంచిది, పెద్ద రడ్డర్‌కి కావలసిన సర్దుబాటు చిన్న రడ్డర్‌కి అక్కర్లేదు.

సన్నగాలి

ఎలివేటర్ కుడి సగం నిజంగానే పూర్తి త్రోలో 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుతోంది. హార్న్ రంధ్రం మార్చి సమానం చేశాక లూప్‌లు సూటిగా వస్తున్నాయి. రడ్డర్ నుంచి ఏలెరాన్‌కి ఎడమ 3, కుడి 2 శాతం. ఎలివేటర్‌కి ఎడమ 5, కుడి 6.

ఇక రోల్స్. 45 డిగ్రీల పైకి లైన్‌లో వరుసగా కుడి రోల్స్ చేస్తే ముక్కు ఎడమకి జరుగుతోంది.

పాతకాపు

రోల్‌కి ఎదురు దిశలో జరుగుతోంది కాబట్టి డిఫరెన్షియల్ పెంచు. అంటే కిందికి దిగే ఏలెరాన్ కదలిక కొంచెం తగ్గాలి. రోల్ వైపే జరిగి ఉంటే తగ్గించమని చెప్పేవాణ్ణి. ఒకటి రెండు శాతం చొప్పున మార్చు. ఎడమ రోల్స్ కూడా చూడు. రెండు వైపులా ముక్కు ఒకే దిక్కుకి జరిగితే అది డిఫరెన్షియల్ కాదు, రైట్ థ్రస్ట్ లేదా రడ్డర్ ట్రిమ్.

సన్నగాలి

ఎడమ రోల్స్‌లో కుడికి జరుగుతోంది, అంటే డిఫరెన్షియలే. 3 శాతం దగ్గర సరిపోయింది. టేపు తీసి బరువుని రెక్క లోపల అతికించేశాను.

చివరగా ఒకటి. వచ్చేవారం ప్రొపెల్లర్ ఒక అంగుళం పెద్దది వేద్దామనుకుంటున్నాను. ఏమేం మళ్లీ చూడాలి?

రెక్కలమావయ్య

ముందు మోటార్ కరెంట్. ఆ తర్వాత రైట్ థ్రస్ట్, డౌన్‌లైన్ మిక్స్. పెద్ద ప్రొపెల్లర్ బరువు ముక్కు చివర పడుతుంది కాబట్టి సీజీ కూడా ఒకసారి కొలిచి, కావాలంటే బ్యాటరీ వెనక్కి జరుపు. రెక్క బరువు, ఎలివేటర్ సగాలు, డిఫరెన్షియల్ ముట్టుకోనక్కర్లేదు. కొత్త ప్రొపెల్లర్‌ని బ్యాలెన్సర్ మీద పెట్టి చూశాకే బిగించు.